అల్లుడు కడిగిన సానరాయి

శనివారం పొద్దున ఫోటిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు కిందనున్న పట్నానికి వెళ్ళి వచ్చేలోగా కత్తుల కొట్లోని సానరాయిని కడిగి, ఆరబెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టెయ్యాలి. మూడు గంటల పని. ఆ రోజు ఇంట్లో అందరూ ఏదో ఒకటి కడుగుతూనే ఉన్నారు కాబట్టి, తను ఒక రాయి కడిగితే ఎవరికీ అనుమానం రాదని కూడా అనుకున్నాడు.

ఇల్లంతా అలా కడగడానికి కారణం పక్కింటి మనూసోస్. అతను ఆ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ ఒక్కటే. అయినా అతను ఆ గోడ దాటి ఈ వాకిట్లో కాలు పెట్టి యాభై నాలుగేళ్ళయింది.

కొండల మీది కెరస్యా ఊళ్ళో కత్తులు చేసే ఇళ్ళు రెండే, ఆ రెండూ ఇవే. యాభై నాలుగేళ్ళ కిందట మనూసోస్ తండ్రి కొట్లోంచి సానరాయి మాయమైంది. సముద్రపు ఒడ్డు గనిలో తవ్విన పాతకాలపు రాయి అది. ఆ గని ఎప్పుడో మూతబడింది, అలాంటిది మళ్ళీ కావాలంటే క్రీటు దీవంతా గాలించినా దొరకదు. "పక్కింటివాడే ఎత్తుకుపోయాడు" అని మనూసోస్ తండ్రి కాఫీ కొట్టు ముందు నిలబడి కేకలు పెట్టాడు. పక్కింటివాడు, అంటే ఫోటిస్ మామగారు హరిదిమోస్ తండ్రి, తిన్నగా చర్చికి వెళ్ళి మేరీమాత పటం మీద చెయ్యి వేసి, "నా ఇంట్లో ఉన్న రాయి నాదే" అని ప్రమాణం చేశాడు. ఆనాటితో రెండిళ్ళ మధ్యా మాటలు ఆగిపోయాయి. తండ్రులు పోయారు. ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్న కొడుకులిద్దరూ ఎదురుపడితే తల తిప్పుకుంటూ ముసలివాళ్ళయిపోయారు.

కిందటి ఫిబ్రవరి మంచులో మనూసోస్ ట్రక్కు జారి కాలువలో పడింది. హరిదిమోస్ ట్రాక్టరు తెచ్చి, పెదవి విప్పకుండా, దాన్ని బయటికి లాగాడు. మనూసోస్ టోపీ తీసి "థాంక్సండీ" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని చర్చి ఫాదర్ మిరోన్ మూడు నెలలు రెండిళ్ళ చుట్టూ తిరిగి, కాళ్ళరిగాక, ఈ భోజనం కుదిర్చారు.

ఇక ఫోటిస్ సంగతి. అతను లారిసా మైదానాల వాడు, ఊరి హైస్కూల్లో కెమిస్ట్రీ మాస్టారు. హరిదిమోస్ కూతురు అర్గిరోని పెళ్ళాడి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మామగారు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అనాలంటే ముందు మాట్లాడాలి కదా. మామగారి నోటినుంచి అతను విన్న మాటలు ఇంచుమించుగా రెండే: "తిన్నావా మాస్టారూ?", "అది ముట్టుకోకు మాస్టారూ."

ఫోటిస్ బాధ ముట్టుకోనివ్వనందుకు కాదు. ఈ మధ్య హరిదిమోస్ ఒక్కో కత్తికీ గంటలకొద్దీ సాన పడుతున్నాడు. చివరికి అంచు మీద బొటనవేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి, "రాయిది తప్పు కాదు, నా చేతిలో సత్తువే పోయింది" అంటున్నాడు. కత్తుల పని ఇక మానేస్తానని వారం కిందట అత్తయ్యతో అంటుండగా ఫోటిస్ విన్నాడు. చేతిలో సత్తువకేం, పుష్టిగానే ఉంది. తప్పంతా రాయిదే. తరతరాల నూనె, ఉక్కు రజను కలిసి రాయి రంధ్రాలన్నీ తారులా పూడ్చేశాయి. కత్తి రాయి మీద కాదు, జిడ్డు మీద జారుతోంది. ఆ మాటే ఒకసారి భయపడుతూ చెప్పబోతే హరిదిమోస్ మీసం దువ్వుకుని, "సానరాయిని కడిగితే దాని ప్రాణం పోతుంది" అని తేల్చేశాడు. కెమిస్ట్రీ పుస్తకంలో రాళ్ళకి ప్రాణం ఉన్నట్టు ఎక్కడా లేదు.

మామగారి ట్రక్కు మలుపు తిరగగానే ఫోటిస్ రాయిని చెక్క పీఠంలోంచి పైకెత్తాడు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, చంటిపిల్లంత బరువు. పెరట్లోకి మోసుకెళ్ళి పని మొదలెట్టాడు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో అరగంట నానబెట్టాడు. చేతులకి మందపాటి గ్లోవ్స్ తొడుక్కున్నాడు, ఎందుకంటే ఆ నల్లటి బురదలో కంటికి ఆనని ఉక్కు ముళ్ళుంటాయి, వేలిలో దిగితే ఓ పట్టాన రావు. గట్టి బ్రష్షుతో తోమాడు. సబ్బుకి లొంగని జిడ్డుకి కిరసనాయిలు రాశాడు, అదీ గాలి ఆడే చోట, పొయ్యికి ఆమడ దూరంలో. ఆ కిరసనాయిలు గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకుండా విప్పి తీగ మీద ఆరేశాడు. మళ్ళీ సబ్బునీళ్ళు, మళ్ళీ తోమడం, మళ్ళీ మంచినీళ్ళు. ఆఖరున ఒక మందపాటి గాజుపలక మీద సన్నటి ఇసుక చల్లి, తడిపి, రాయిని బోర్లించి గుండ్రంగా రుద్దాడు. మధ్యలో గుంతపడిన చోటు సమమయింది. రాయి మీగడ రంగుకి తిరిగింది.

జేబులోని చాకు తీసి నాలుగుసార్లు దాని మీద నడిపించాడు. రాయి 'స్సు' మంటూ పట్టింది. ఆ చాకుతో కాగితం అంచు తాకితే కాగితం దానంతట అదే రెండయింది. ఫోటిస్ ఒంటరిగా, పెరట్లో, కోళ్ళ ఎదురుగా చిన్న గంతు వేశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. రాయికి ఒక చివర చిన్న మెట్టులా దిగిన భాగం ఉంది, కత్తి అక్కడిదాకా రాదు. అక్కడ మాత్రం జిడ్డు వేలెడు మందాన గట్టిపడి ఉంది. పని సగంలో వదలడం ఫోటిస్ రక్తంలో లేదు. కిరసనాయిలు పోసి, చెక్కముక్కతో గీకాడు. ఒక అక్షరం బయటపడింది. ఇంకాస్త గీకాడు, ఇంకొకటి. మూడోదానికి అతని చెయ్యి నెమ్మదించింది. ఐదోదానికి ఆగిపోయింది. గీకకపోయినా మిగిలినవి ఏమిటో తెలుస్తూనే ఉన్నాయి. అయినా పూర్తిగా గీకాడు, పొరబడి ఉంటే బాగుండునన్న ఆశతో.

లోతుగా, అందంగా చెక్కి ఉంది: మనూసోస్ పెరాకిస్, 1911.

తాత పేరు మనవడికి పెట్టడం ఆ కొండల్లోనూ ఉన్నదే. రాయి మీద ఉన్నది ఆనాటి తాత పేరైనా, మధ్యాహ్నం భోజనానికి వస్తున్న మనిషి పేరు కూడా అదే.

ఫోటిస్ "అర్గిరో!" అని పిలిచాడు. రెండోసారి పిలిచేసరికి అది మేకపిల్ల అరుపులా వచ్చింది.

అర్గిరో తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, రాయి చూసి, చదివి, మళ్ళీ చదివి, గోడ అవతలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఎవరు చెక్కారిది? నువ్వా?"

"నేనెందుకు చెక్కుతానే! కడిగాను, అంతే."

"ఎవరు కడగమన్నారు?"

"ఎవరూ అనలేదు. మామయ్య చేతిలో సత్తువ పోయిందంటున్నారని..."

"అంటే మా తాత దొంగ. పటం మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పిన దొంగ. అది నువ్వు ఇవాళే కనిపెట్టాలి. నిన్న కాదు, రేపు కాదు, యాభై నాలుగేళ్ళ తర్వాత ఆయన మా ఇంటికి అన్నానికి వచ్చే రోజున!"

"దాచేద్దామా?"

"ఎక్కడ దాస్తావు? వచ్చినాయన ముందు చూసేది కొట్టే. కొట్లో ముందు చూసేది ఆ రాయే. అది లేకపోతే, చూశారా దాచేశారు అనడూ?"

"తిరగేసి పెడితే?"

అడుగు భాగం ఎగుడుదిగుడుగా ఉంది. తిరగేస్తే అది గాడిద వీపు మీద కుండలా ఊగుతోంది.

"అయితే ఒకటే దారి," అంది అర్గిరో. "కడిగినదాన్ని మళ్ళీ మురికి చెయ్యి."

చదువుకున్న మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. అయినా ఫోటిస్ పొగగొట్టంలోంచి మసి తీసి, ఆలివ్ నూనెలో కలిపి, రాయి ఆ చివరంతా పట్టించాడు. శుభ్రంగా కడిగిన రాయి నూనెని దాహంగా తాగేసింది. మసి మాత్రం తిన్నగా వెళ్ళి అక్షరాల గుంతల్లో కూర్చుంది. ఇందాక దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనిపించని పేరు, ఇప్పుడు అచ్చు వేసిన శుభలేఖలా పెరటి గుమ్మం నుంచి చదవడానికి వీలుగా తయారయింది.

"ఇంకా బాగా కనిపిస్తోందేమిటి?" అంది అర్గిరో.

"గుంతలు పూడ్చాలి. మైనం ఉందా?"

"చర్చిలో ఉంది. వెళ్ళి ఫాదర్ గారిని అడగనా?"

వంటింట్లో బల్ల మీద అత్తయ్య గరిఫల్యా తెల్లవారుజామున కలిపి పెట్టిన రొట్టెపిండి గుడ్డ కింద పొంగుతూ ఉంది. ఇద్దరూ దాన్ని ఒకేసారి చూశారు. రాయిని బేకింగు పళ్ళెంలో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చారు. ఫోటిస్ పిండి ముద్ద తుంచి ఒక్కో అక్షరంలోనూ అదిమి, చాకుతో అంచులు నునుపు చేశాడు. పైన మసి రాస్తే సరి, దేవుడు కూడా చదవలేడు. చుట్టూ ఉన్న రాయికంతా మసి బాగా పట్టించాడు. ఇక పిండి మీద పుయ్యడమే మిగిలిందనగా నడవలో చెప్పుల చప్పుడయింది.

అర్గిరో కన్ను మూసి తెరిచేలోగా పళ్ళేన్ని ఓవెన్‌లోకి తోసి తలుపు వేసేసింది.

గరిఫల్యా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా పిండి ఎవరు గిల్లారు?"

"నేనే అత్తయ్యా," అన్నాడు ఫోటిస్. "ఆకలేసి."

"పచ్చి పిండి తిన్నావా?" ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మీ మైదానాల్లో అలా తింటారా అల్లుడూ? సర్లే. నువ్వు కాఫీ కొట్టుకి పోయి ఆరు కుర్చీలు పట్రా. అర్గిరో, నువ్వు పొలంలోంచి పుదీనా కోసుకురా. నిలబడి చూస్తారేం, పొండి!"

భార్యాభర్తలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిలబడితే అనుమానం. వెళ్ళకపోతే ఇంకా అనుమానం. ఐదు నిమిషాల్లో వచ్చేద్దామని ఇద్దరూ చెరో దిక్కుకి పరిగెత్తారు.

కాఫీ కొట్టువాడికి మాత్రం తొందర లేదు. "నిజంగానే వస్తున్నాడా మనూసోస్?" అని అడిగాడు. "కత్తులతోనా, ఉత్త చేతులతోనా?" అని అక్కడున్న నలుగురూ అడిగారు. ఒక్కో కుర్చీకీ ఒక్కో ప్రశ్న చొప్పున ఆరు ప్రశ్నలకి జవాబు చెప్పి, నెత్తిన నాలుగు, చేతుల్లో రెండు కుర్చీలతో ఫోటిస్ ఇంటి మలుపు తిరిగేసరికి ముక్కుకి వాసన తగిలింది. ఒక పక్క కమ్మటి రొట్టె వాసన, దాని వెనకే గారేజీ తగలబడుతున్న వాసన.

ఇంట్లో ఏం జరిగిందంటే, గరిఫల్యా జున్ను కజ్జికాయలు కాల్చడానికి ఓవెన్ ముందే వేడెక్కితే మంచిదని బొత్తాం తిప్పి, పళ్ళేలు తుడవడానికి వెళ్ళింది. లోపల ఎవరు ఏం పెట్టారో చూడాలని ఆవిడకేం తెలుసు?

ఫోటిస్ కుర్చీలు వాకిట్లోనే విసిరేసి లోపలికి దూకాడు. వంటిల్లంతా నల్లటి పొగ. గరిఫల్యా ఓవెన్ తలుపు తీసి నిలబడి, ఒక చేత్తో శిలువ గుర్తు వేసుకుంటూ, రెండో చేత్తో బకెట్ ఎత్తుతోంది. "మేరీమాతా! నా పొయ్యిలో బండరాయి కాలుతోంది!"

"అత్తయ్యా, నీళ్ళు పొయ్యకండి! పగిలిపోతుంది!"

వేడి రాయి మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో పిల్లలకి చెప్పి చెప్పి అతనికి నోరు అరిగింది. అత్తగారికి చెప్పే వ్యవధి లేదు. ఎగిరి మధ్యలోకి దూరాడు. బకెట్ నీళ్ళూ సాంతం అతని మీద పడ్డాయి. రాయి మీద చుక్క పడలేదు. అలా తడిసి ముద్దయిన మనిషే ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి, మందపాటి గుడ్డలతో పళ్ళేన్ని పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తి, ద్రాక్షపందిరి కింద వేసిన భోజనాల బల్ల మీద, తెల్లటి గుడ్డ మధ్యలో, రెండు ఇటుకల మీద దించాడు. గరిఫల్యా వెనకే వచ్చింది. పుదీనా కట్టతో అర్గిరో రొప్పుతూ గేటులోంచి వచ్చింది. ముగ్గురూ పళ్ళెంలోకి చూశారు.

రొట్టెపిండి పొంగింది. గుంతల్లో అదిమిన పిండి వేడికి లేచి, పైకి ఉబికి, దోరగా కాలింది. మసి పట్టిన నల్లటి పలక మీద బంగారు రంగులో, బొటనవేలంత ఎత్తున, మెరుస్తూ నిలబడి ఉంది పేరు: మనూసోస్ పెరాకిస్, 1911.

"ఇది మా మామగారి..." అని గరిఫల్యా నోరు తెరిచింది. ఆ నోరు అలాగే ఉండిపోయింది, ఎందుకంటే గేటు కిర్రుమంది.

ముందు ఫాదర్ మిరోన్, వెనక తెల్ల చొక్కా బిగించి వేసుకున్న మనూసోస్, అతనికి మూడడుగుల దూరంలో మాంసం బుట్ట పట్టుకుని హరిదిమోస్. ముసలివాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడకుండా చాలా మర్యాదగా నడుస్తున్నారు.

"రండి, లోపలికి దయచెయ్యండి," అన్నాడు హరిదిమోస్ గేటుతో.

"మీరు ముందు నడవండి, పర్వాలేదు," అన్నాడు మనూసోస్ ద్రాక్షపందిరితో.

అప్పుడతని చూపు బల్ల మీద పడింది. దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. పెదవులు కదుపుతూ చదివాడు.

"నా పేరు," అన్నాడు. "రొట్టెతో నా పేరు రాయించారు."

ఆ కొండల్లో పెళ్ళికీ పురుడుకీ రొట్టె మీద పూలు, పక్షులు తీర్చడం రివాజు. మనిషి పేరే తీర్చడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. ఫాదర్ మిరోన్ కళ్ళు ఒత్తుకుని, "చూశావా మనూసోస్, ఎంత మర్యాద చేశారో! గరిఫల్యా, నువ్వు చల్లగా ఉండాలి తల్లీ," అన్నారు.

గరిఫల్యా అల్లుడి వంక చూసింది. అల్లుడి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. హరిదిమోస్ మాంసం బుట్ట నేల మీద పెట్టి, పెట్టిన చోటే నిలబడిపోయాడు. అతని మొహం సున్నం వేసిన గోడలా ఉంది.

"మరి ఈ 1911 ఏమిటి?" అన్నారు ఫాదర్.

"అది..." అంది అర్గిరో. "అది ఆ రొట్టె రకం."

"మా తాత కొట్టు పెట్టిన ఏడాది!" అన్నాడు మనూసోస్. "అది కూడా గుర్తుపెట్టుకున్నారు!" ఆ ఉద్వేగంలో చెయ్యి చాచి, మొదటి అక్షరాన్ని విరుచుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నమలడం నెమ్మదించింది. "కొంచెం... ట్రక్కు వాసన వస్తోంది. బాగుంది, బాగానే ఉంది."

"ఇక చాలండీ, తినకండి!" అన్నాడు ఫోటిస్.

"ఎందుకు తినకూడదు? నా పేరే కదా!" అని రెండోది విరిచాడు. మూడోది విరవబోతూ ఆగాడు. మొదటి అక్షరం ఊడిన చోట, కింద, రాయిలో అదే అక్షరం లోతుగా చెక్కి ఉంది. రెండోదాని కిందా అంతే. మనూసోస్ మిగిలిన రొట్టెని చేత్తో ఊడ్చేశాడు. వేలితో పళ్ళెంలో ఉన్నదాన్ని తట్టాడు. రాయి రాయిలాగే పలికింది.

ఫోటిస్ ఒక అడుగు ముందుకు వేశాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా మాట స్పష్టంగానే వచ్చింది. "తప్పు నాదండీ. రాయి కడిగింది నేను. దాచాలని చూసింది కూడా నేనే. వీళ్ళెవరికీ దీని సంగతి తెలియదు. మామయ్యకి అసలే తెలియదు."

"తెలుసు," అన్నాడు హరిదిమోస్.

అందరూ అటు తిరిగారు.

"నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న ఆ అక్షరాల మీద జిడ్డు పూస్తుండగా తలుపు సందులోంచి చూశాను. మర్నాడే చర్చికెళ్ళి ప్రమాణం చేశాడు. ఆ రోజు నుంచి నీ మొహం చూడలేకపోయాను మనూసో. మా నాన్న పోయాక నేనే పూస్తున్నాను, ఏటా, కొత్త జిడ్డు. దొంగసొత్తు మీద సాన పట్టి, దొంగ కొడుకుగా బతికాను. ఇదిగో ఇప్పుడు తెలిసింది కదా. తీసుకుపో. నాలుగు తిట్టి మరీ తీసుకుపో."

మనూసోస్ కుర్చీ కోసం చెయ్యి చాచాడు. కుర్చీలన్నీ వాకిట్లో చెల్లాచెదురుగా పడి ఉండటంతో గోడకి ఆనుకున్నాడు.

"దొంగసొత్తు కాదురా," అన్నాడు.

"ఏమిటీ?"

"మీ నాన్న దొంగతనం చెయ్యలేదు. మా నాన్నే ఇచ్చాడు. ఒక పీపా వైనుకి మార్చుకున్నాడు."

"పీపా వైనా?"

"పెద్ద పీపాయే. స్నేహితులతో కలిసి వారంలో తాగేశాడు. తర్వాత మా అమ్మ, రాయేదీ అని అడిగింది. మా అమ్మ నీకు తెలుసు కదా."

హరిదిమోస్‌కి తెలుసు. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయినా, ఆ మాటకి ఫాదర్ మిరోన్ కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"భయపడి, దొంగతనం జరిగిందన్నాడు. అని ఊరుకోకుండా, మా అమ్మ వింటోంది కాబట్టి కాఫీ కొట్టు ముందు అరిచాడు. ముందు రోజే మీ నాన్న దగ్గరికి వెళ్ళి కాళ్ళా వేళ్ళా పడి, బేరం సంగతి ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడట. మీ నాన్న పేరు కనపడకుండా జిడ్డు పూసింది అందుకే. మా నాన్న పరువు కోసం. చచ్చిపోయే ముందు నాకు చెప్పి ఏడ్చాడు. నేను నీకు ఎలా చెప్పను? నిన్ను చూస్తే చాలు, సిగ్గుతో తల వాలిపోయేది. అందుకే తిప్పుకునేవాణ్ణి."

"నువ్వు తిప్పుకుంటున్నావు, కోపం తగ్గలేదు కాబోలనుకుని నేను తిప్పుకున్నాను!"

"నువ్వు తిప్పుకుంటున్నావని నేను!"

"ఒరేయ్ మనూసో," అన్నాడు హరిదిమోస్. గొంతు పన్నెండేళ్ళ పిల్లాడిదిలా ఉంది. "మా నాన్న నాక్కూడా చెప్పకుండా పోయాడురా."

"మాట ఇచ్చాడు కదరా."

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా చూసినవాళ్ళు లేరు. ఫాదర్ మిరోన్ జేబురుమాలులో మొహం దాచుకున్నారు, గరిఫల్యా ఏప్రన్‌లో దాచుకుంది. చూడగలిగేసరికి ముసలివాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పడిపోయిన కుర్చీలు తలో చేత్తో లేపుతున్నారు.

రాయి చల్లారాక హరిదిమోస్ నడుంలోని కత్తి తీసి దాని మీద నడిపించాడు. 'స్సు' మంది. ఇంకోసారి నడిపించాడు. బొటనవేలుతో అంచు తాకి చూశాడు. చివరికి తడి బట్టల్లో వణుకుతున్న అల్లుడి ముందుకి వచ్చి, గ్లాసులో రకి, అంటే ద్రాక్ష సారా, నిండా పోసి, అతిథికన్నా ముందు అతనికే ఇచ్చాడు.

"కడగడం ఎక్కడ నేర్చుకున్నావు ఫోటిస్?"

మూడేళ్ళలో మామగారు పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఫోటిస్ రకి ఒక్క గుక్కలో తాగి, దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. చెయ్యి సత్తువ సంగతి హరిదిమోస్ ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.

భోజనం బ్రహ్మాండంగా జరిగింది. పొగ వాసన కజ్జికాయలకి కొద్దిగా పట్టిన మాట నిజమే కానీ, ఎవరూ ఒక్కటీ మిగల్చలేదు. పండ్లు కోసే వేళకి మనూసోస్ లేచి, ఇక వెళ్ళొస్తానన్నాడు. హరిదిమోస్ రాయిని గుడ్డలో చుట్టి అతని చేతుల్లో పెట్టాడు.

"నీ రాయి నువ్వు తీసుకో."

"నాదేమిటి? మీ నాన్న వైను ఇచ్చి తీసుకున్నాడు. నీది."

"వైను తాగేశారు కదా, అయిపోయింది. మీ తాత పేరుంది. నీది."

"పేరుంటే నాదైపోతుందా? నీదంటే నీదే!"

"నన్ను మళ్ళీ దొంగని చేస్తావురా?"

"నన్ను తాగుబోతు కొడుకుని చేస్తావా?"

గొంతులు లేచాయి. బల్ల మీద గుద్దులు పడ్డాయి. కాఫీ కొట్టులో కూర్చున్న నలుగురూ, అనుకున్నట్టే అయిందని పరుగున వచ్చి గేటు దగ్గర గుమిగూడారు. రాయి ఇటు చేతుల్లోంచి అటు, అటునుంచి ఇటు నాలుగుసార్లు మారింది. చివరికి ఫాదర్ మిరోన్ దాన్ని లాక్కుని, రెండిళ్ళ మధ్య ఉన్న గోడ మీద పెట్టి, "ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు వాడుకోండి" అని తీర్పు చెప్పేశారు.

తీర్పు బాగానే ఉంది. ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దున్నే గోడకి చెరో పక్కన కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, "ముందు నువ్వు సాన పట్టుకో" అంటే "లేదు, ముందు నువ్వు" అనుకుంటూ, యాభై నాలుగేళ్ళ కబుర్లు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ ఉంటారు. మధ్యాహ్నమవుతుంది, భోజనానికి లేస్తారు.

ఊళ్ళో ఇద్దరు కత్తుల పనివాళ్ళుండగా, ఫాదర్ మిరోన్ మాత్రం తన వంటింటి కత్తిని పట్నానికి పంపించి సాన పెట్టించుకుంటున్నారు.